భీమశిల హల్వా

రాజ్యం అప్ప నోటీసుని నా బల్ల మీద పెట్టి, చెయ్యి కొంగుకి తుడుచుకుంది.

"సుధమ్మా, ఇందులో ఏటి రాసేరో సదివి సెప్పు. నేను ఫోన్ సేసింది ఆ హరిబాబు గురించి. కంపెనీ ఆళ్ళొచ్చి నా మీద పడ్డారు."

చదివాను. చోడవరం కోర్టులో నా దగ్గరికి వచ్చేవి గట్టు తగాదాలు, చెల్లని చెక్కులు. తన పేరు వాడొద్దని సిమెంటు కంపెనీ హల్వా కొట్టుకి నోటీసు పంపడం నేనెక్కడా చూడలేదు. ఒళ్ళు మండింది. నాకు కోపం రావడానికి పెద్ద కారణం అక్కర్లేదని కోర్టు గుమస్తాలందరికీ తెలుసు, కానీ ఈసారి కారణం ఉందనే అనుకున్నాను.

భీమశిల సిమెంటు పేరు తెలియని ఇల్లు మావైపు లేదు. మాడుగుల రోడ్డులో అప్ప కొట్టు పక్కగోడ మీద ఆ పేరు ఎప్పటినుంచో ఉంది. ఏటా దసరా ముందు కంపెనీ పెయింటర్లు నిచ్చెన వేసుకుని, పసుపు రంగు మీద నీలం అక్షరాలు మళ్ళీ దిద్ది పోతారు. అప్ప వాళ్ళకి టీ ఇస్తుంది, హల్వా పెడుతుంది, గోడకి అద్దె మాత్రం అడగదు. ఆ గోడని చూసి బస్సు కండక్టర్లు అక్కడి స్టాపుని భీమశిల అనడం మొదలుపెట్టారు. స్టాపు పేరు కొట్టుకి వచ్చింది, కొట్టు పేరు హల్వాకి వచ్చింది. సిమెంటు పేరుతో హల్వా ఏమిటని కొత్తవాళ్ళు నవ్వేవారు, తిన్నాక ఇంకో డబ్బా కట్టించుకునేవారు. అట్టపెట్టెలు అచ్చు వేయించేటప్పుడు అప్ప వేరే పేరు కోసం ఆలోచించనే లేదు. అదే పసుపు, అదే నీలం.

మొన్న వేసవిలో ఎదురుగా హరిబాబు కొట్టు తెరిచి 'అసలైన భీమశిల హల్వా' అని బోర్డు కట్టాడు. గోధుమలు నానబెట్టి పాలు తీసే ఓపిక అతనికి లేదు. మైదాలో రంగు కలిపి అమ్మాడు. అది కొనుక్కుని తిన్నవాళ్ళు వచ్చి అప్పని తిట్టి పోయారు. అప్పుడు అప్ప, తన గోడ మీద అడుగున రాసి ఉన్న కంపెనీ నంబరుకి ఫోన్ చేసింది. "మన పేరు ఇంకోడు వాడేసుకుంటన్నాడు బాబూ, మీరొచ్చి అడగండి" అని చెప్పింది. ఏటా తన చేతి టీ తాగి వెళ్ళే మనుషులు ఆమాత్రం అడగరా అనుకుంది.

కంపెనీ అడిగింది. ఇద్దరినీ అడిగింది.

"వాళ్ళకి ఫోన్ చేయమని నీకెవరు చెప్పారప్పా?" కొంచెం గట్టిగానే అన్నాను.

"ఒకరు సెప్పాలేటి? ఆళ్ళ పేరు కాబట్టి ఆళ్ళకి సెప్పేను. ఆళ్ళొచ్చి నా గోడ మీద రాసుకుంటే తప్పు నేదు గానీ, నేను నా పెట్టె మీద రాసుకుంటే తప్పా?"

ఆ ప్రశ్న పట్టుకునే విశాఖలో ఉన్న కంపెనీ లాయరు నాగసాయికి ఫోన్ చేశాను. సిమెంటుకీ హల్వాకీ ఏం సంబంధమని దులిపేశాను. అతను ఓపిగ్గా విన్నాడు.

"శ్రీసుధ గారూ, మామూలు పేరైతే మీరన్నట్టే, సిమెంటు పేరు సిమెంటు వరకే. కానీ మాది దేశమంతా తెలిసిన మార్కుగా గుర్తింపు పొందింది. అలాంటి పేరుకి అన్ని సరుకుల మీదా రక్షణ ఉంటుంది. ఇవాళ హల్వా అని ఊరుకుంటే రేపు చెప్పులు, ఎల్లుండి ఎలకలమందు. అప్పుడు భీమశిల అంటే జనానికి ఏది గుర్తొస్తుంది? మాకు డబ్బు వద్దండీ. పేరు తీసేస్తే చాలు."

చట్టం నాకూ తెలుసు. పోట్లాడితే ఏళ్ళు పడుతుంది, గెలుస్తామన్న నమ్మకం లేదు. కోపం మాత్రం ఇంకా పెరిగింది.

అదంతా అప్పకి విడమరిచి చెప్పాను. ఆవిడ నోటీసుని మడతపెట్టి నా వైపు తోసింది.

"ఆ పేరు పోతే నన్నెవులు గుర్తెడతారమ్మా? జనం అడిగేది భీమశిల హల్వా. నన్ను కాదు."

"హరిబాబు బోర్డు కట్టిన రోజు నీకెలా ఉంది?" అని అడిగాను.

"కడుపు మండిపోనాది. నేను సంపాయించిన పేరు ఆడికెందుకని..."

నా ముఖంలోకి చూసింది.

"అంటే ఆళ్ళకి నేను హరిబాబునన్నమాట."

"అదేం మాటప్పా! నువ్వు మంచి సరుకు అమ్మావు."

"సరుకు మంచిదే. పేరే ఆళ్ళది. ఎక్కడ సంతకం ఎట్టాల?"

ఇక ఆ పేరు వాడనని నేను రాసిన కాగితం మీద ఆవిడ సంతకం పెట్టింది. నా కోపం ఎవరికీ అక్కరకి రాలేదు.

దసరా ముందు పెయింటర్లు నిచ్చెనతో వచ్చేసరికి గోడంతా తెల్లసున్నం వేసి ఉంది. అప్ప ఎప్పటిలాగే టీ ఇచ్చింది, హల్వా పెట్టింది.

"ఇంక ఈ గోడ మీద మీ కంపెనీ పేరొద్దు బాబూ. పేరు ఆళ్ళదైతే గోడ నాది. నాకో పేరు రాసెట్టండి, మీ కూలి నేనిస్తాను."

"ఏం పేరు రాయమంటావమ్మా?" అన్నారు వాళ్ళు. అప్ప వాళ్ళని ఆగమంది. నాకు ఫోన్ చేసింది. నీ పేరే రాయించమన్నాను. నా పేరెవరికి తెలుసంది. రాస్తే తెలుస్తుందన్నాను. సాయంత్రానికి గోడ మీద ఎర్ర అక్షరాలతో 'రాజ్యం హల్వా' అని పడింది. ఆ పేరుకి నేనే ట్రేడ్‌మార్కు దరఖాస్తు పెట్టాను.

చలికాలమంతా బేరం సగానికి పడిపోయింది. కండక్టర్లు ఇప్పటికీ భీమశిల, భీమశిల అనే అరుస్తారు, వాళ్ళ నోటికి నోటీసు ఎవరిస్తారు? దిగినవాళ్ళు ఎర్ర అక్షరాలు చూసి, కొట్టు ఎత్తేశారనుకుని ముందుకు పోయేవారు. అప్ప పిలిచి పిలిచి చేతిలో చిన్న ముక్క పెట్టేది. నోట్లో వేసుకున్నాక గుర్తుపట్టేవారు. నోటీసు దెబ్బకి హరిబాబు కూడా బోర్డు విప్పేసి, కొట్టు మూసేశాడు.

ఉగాది వెళ్ళాక ఒక ఉదయం అప్ప ఆయాసపడుతూ కోర్టు వరండాలోకి వచ్చింది.

"సుధమ్మా, హరిబాబు కొట్టు తెరిసేడు. మళ్ళీ బోర్డు కట్టేడు."

"ఏమని?"

"'అసలైన రాజ్యం హల్వా' అని."

వాడికి సిగ్గుందా, ఈసారి ఊరుకునేది లేదు, ఇప్పుడే నోటీసు రాస్తానని కాగితాలు లాగాను. అప్ప నా చెయ్యి పట్టుకుంది. కళ్ళలో నీళ్ళున్నాయి, నవ్వుతోంది.

"రాద్దువులే. ముందు నువ్వొచ్చి ఓపాలి సూడు. నా పేరు ఎంతేసి అచ్చరాలతో రాయించేడో."

"చూసి?"

"నోటీసు రేపిద్దాం. ఈ ఒక్క రోజూ ఉండనీమ్మా."