నలభై చింతగింజలు

“పిల్ల పక్కలెగరేసుకుంట ఊపిరి తీస్తున్నట్టుంది, జర సూడు బిడ్డా” అని అత్తమ్మ ముందు గదిలోంచి కేకేసేసరికి నేను పెనం మీద దోసె తిరగేస్తున్నాను. ఆ వెనకే మా ఆయన సురేందర్ గొంతు: “ఇంట్ల నర్సు ఉండంగ మనకేం పరేషానమ్మా?” పెళ్ళయిన ఆరేళ్ళలో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో. నన్ను పొగుడుతున్నాననే అనుకుంటాడు పాపం. దాని అర్థం మాత్రం, కూతురికి జ్వరం మందు ఎంత పొయ్యాలో తను నేర్చుకోనక్కర్లేదని.

స్టవ్ కట్టేసి పరుగెత్తాను. మూడేళ్ళ కీర్తికి రెండు రోజులుగా జలుబు, దగ్గు. అత్తమ్మ ఒళ్ళో మగతగా పడుకుని ఉంది. నుదురు చల్లగానే ఉంది. అయినా మళ్ళీ మళ్ళీ తాకి చూశాను. మానుకోట దవాఖానలో ఎనిమిదేళ్ళుగా చిన్నపిల్లల వార్డులో చేస్తున్నాను. ఊళ్ళో పిల్లలందరికీ నర్సునే, నా పిల్లకొచ్చేసరికి ఉత్త తల్లినైపోతాను.

పైగా ఇవాళ పదింటిలోపు మా పెద్ద సిస్టర్ మమతక్కకు మాట చెప్పాలి. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని చూసుకోవడం మీద హైదరాబాదులో పదిహేను రోజుల శిక్షణ, సోమవారం మొదలు. ఎన్నాళ్ళుగానో కోరుకుంటున్నది. పోయినేడు పిలిస్తే వెళ్ళలేదు. ఈసారీ కాదంటే ఇంకెవరినో పంపుతారు.

పోయినేడు ఎందుకు వెళ్ళలేదో ఎవరికీ చెప్పలేదు. అప్పుడూ ప్రయాణానికి ముందు రోజు కీర్తికి దగ్గే. “పదిహేను దినాలంటే పిల్లను ఎవరు సూస్తరు? టిఫినెట్ల?” అని సురేందర్ నాలుగోసారి అడుగుతున్నాడు. అత్తమ్మ ఏమీ అనకుండా ఎల్లిపాయలు ఒలుస్తూ నిట్టూరుస్తోంది. పిల్ల ఊపిరి లెక్కపెట్టాను. ఆ వయసు పిల్లలకు నిమిషానికి నలభై దాకా వస్తే భయపడాలి. వచ్చింది ముప్పై ఆరు. నేను నలభై రెండని చెప్పాను. నన్నెవరూ కట్టేయలేదు. కొట్లాడే ఓపిక లేక లెక్క నేనే పెంచాను. దవాఖాన చీటీ మీద ఒక్క అంకె తప్పు రాయని దాన్ని, నా ఇంట్లో నేనే దొంగలెక్క చెప్పాను. దగ్గు రెండు రోజుల్లో దానంతటదే పోయింది. దిష్టి తీసినందుకే పోయిందని అత్తమ్మ మురిసిపోయింది.

ఇప్పుడూ అదే దగ్గు, అదే సందు. దొంగలెక్క నోటిదాకా వచ్చింది కూడా. అప్పుడు గుర్తొచ్చింది సీతాబాయి.

కొత్తగూడ దగ్గర తండా ఆమెది. పోయిన నెల కొడుక్కి ఊపిరితిత్తులకు నిమ్ము చేస్తే మా వార్డులో ఉంది. ఇంటికెళ్ళేముందు ఊపిరి లెక్కపెట్టడం నేర్పబోతే, “ఇరవై దాటితే నాకు లెక్క తప్పుతది సిస్టరమ్మా” అంది. మర్నాడు తనే కొంగుముడి విప్పి చింతగింజలు చూపించింది. “నలభై ఉన్నయ్. ఊపిరికొక గింజ తీస్త. నిమిషం గాకముందే గింజలన్నీ ఒడిస్తే దవాఖానకు బస్సెక్కుత. సరేనా?” ఎంత సరి! అప్పట్నుంచి ప్రతి తల్లికీ అదే నేర్పుతున్నాను. ఒక పొట్లం ఎప్పుడూ నా బ్యాగులో ఉంటుంది. ఇంట్లో మాత్రం ఏనాడూ విప్పలేదు.

విప్పాను. స్టీలు గిన్నెలో పోసి అత్తమ్మ ముందు పెట్టాను.

“మీరు లెక్కవెట్టుండ్రి అత్తమ్మా. పొట్ట లేసినప్పుడల్లా ఒక గింజ తియ్యుండ్రి.”

“నాకేం ఎరుక? నర్సువు నువ్వా, నేనా?”

“నానమ్మ మీరు గదా.” సురేందర్ వైపు తిరిగాను. “మీరు ఫోన్ల నిమిషం సూడుండ్రి. ఎవ్వరూ మాట్లాడొద్దు.”

ఆ నిమిషం ఇంట్లో ఎవరూ నన్నేమీ అడగలేదు. అత్తమ్మ రెప్ప వేయకుండా మనవరాలి పొట్టనే చూస్తూ, ఒక్కో గింజా తీసి పక్కన పెడుతోంది. సురేందర్ రెండు చేతులతో ఫోన్ పట్టుకుని, ఊపిరి కూడా బిగబట్టాడు. వాళ్ళను చూస్తే నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇన్నాళ్ళూ ఈ పని వాళ్ళు అడగలేదు, నేనూ ఇవ్వలేదు.

“అయిపాయె!” అన్నాడు సురేందర్.

అత్తమ్మ గిన్నెలో మిగిలినవి రెండుసార్లు లెక్కపెట్టింది. “ఎనిమిది మిగిలినయ్. మంచిదేనా?”

“మంచిదే. ఉత్త జలుబే. గింజలు ఒడిసినా, డొక్కలు లోపలికి గుంజినా, పిల్ల తాగకున్నా, ఆగకుండ్రి, దవాఖానకు తీస్కపోండ్రి.” ఆ వెంటనే చెప్పేశాను. “నేను సోమవారం హైదరాబాద్ పోతున్న.”

“మరి పదిహేను దినాలు…” అని సురేందర్ మొదలెట్టాడు. అత్తమ్మ చెయ్యెత్తి ఆపింది.

“పోయినేడు గూడ గిట్లనే దగ్గింది గద బిడ్డా. అప్పుడైతే ఎన్ని మిగులుతుండె?”

ఒక్కటీ మిగిలేది కాదని అబద్ధం ఆడొచ్చు. ఆడబుద్ధి కాలేదు.

“నాలుగు, అత్తమ్మా.”

ఆమె నా మొహం చూడలేదు. తీసిన గింజలన్నీ ఒక్కొక్కటే మళ్ళీ గిన్నెలో వేసింది. “గా రోజు నిన్ను పొమ్మని నేనొక్క మాట అనకపోతి” అంది మెల్లగా. నా కళ్ళు నిండాయి. సురేందర్‌కు ఏమీ అర్థం కాలేదు, మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

నేను మమతక్కకు ఫోన్ చేసి వస్తున్నానని చెప్పి, గిన్నె తీసుకోబోయాను. అత్తమ్మ దాన్ని తన వైపు లాక్కుని, గింజలు కొంగులో పోసి ముడేసుకుంది.

“బట్టలు సర్దుకోపో. ఇవి ఈడ్నె ఉండనియ్యి.”