పులిగడ్డ దగ్గర ఆగిన మూసీ

తొంభై ఎనిమిదిలో బందరులో జిల్లా స్థాయి భూగోళం పోటీ పెట్టారు. అంశం, మన రాజధాని గుండా పారే నది. గెలిచినవాళ్ళను హైదరాబాదు తీసుకెళ్తారు. బెజవాడ దాటి ఎరగని నాకు ఆ మాట వినగానే కాళ్ళు నేల మీద నిలవలేదు. మంగినపూడి బడి నుంచి నన్నే పంపుతానన్నారు సత్యవతమ్మ టీచరు.

పొడుగాటి చెక్క మీద బంకమట్టితో మూసీని చేశాను. అనంతగిరి కొండల్లో పుట్టి, హైదరాబాదు మధ్యగా వచ్చి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఆ కృష్ణ పులిగడ్డ దగ్గర రెండు పాయలై దివిసీమను చుట్టి సముద్రంలో పడుతుంది. చివర మట్టిలో గుంట తీసి సముద్రం చేశాను. కొండ మీద చెంబుడు నీళ్ళు పోస్తే గుంటలోకి జారాలి. ఇంట్లో పదిసార్లు పోశాను, పదిసార్లూ జారాయి.

పోటీ రోజు నాన్న చెక్కను నెత్తిన పెట్టుకుని తెచ్చాడు. నేను గుంటలో పోయడానికి సముద్రపు నీళ్ళలో నీలిమందు కలిపి సీసాలో పట్టుకున్నాను. హాల్లో బల్ల మీద పెట్టాక చూశాను. పాయల గాళ్ళు మాత్రం ఉంచి, దివిసీమ వాలంతా అరచేత్తో చదును చేసేసి ఉంది.

"ఏం చేశావు నాన్నా?"

"మన దగ్గర అంత వాలు ఎక్కడుందే? తప్పుగా ఉందని పొద్దున సరిచేశాను," అన్నాడు తాపీగా.

ఏడుపు, కోపం కలిసి ముంచుకొచ్చాయి. పక్క బల్ల మీద గుడివాడ కార్తీక్ నది గలగలా పారి చప్పట్లు కొట్టించుకుంది. తర్వాత నా వంతు. నీళ్ళు పోశాను. హైదరాబాదు దాటాయి, వాడపల్లి దాటాయి, బెజవాడ దాటాయి, పులిగడ్డ దగ్గర నిలబడిపోయాయి. వెనక ఎవరో నవ్వారు.

"సముద్రం చేరలేదేమ్మా?" అన్నారు జడ్జి గోవర్ధనరావుగారు.

గుమ్మం దగ్గర నాన్న అరచెయ్యి మెల్లగా పైకి లేపి చూపించాడు. సముద్రం పోటెక్కి ఏట్లోకి ఎగదన్నేటప్పుడు పడవ మీద నుంచి నాకు ఎప్పుడూ అలాగే చూపిస్తాడు. ఒక్కసారిగా అర్థమైంది.

"ఎండాకాలం చేరదండి. అప్పుడు సముద్రమే ఎదురొస్తుందండి," అంటూ సీసా గుంటలో వంచాను.

గుంట నిండింది. నీలిరంగు రెండు పాయల్లోకీ ఎగబాకింది. ఎవరూ నవ్వలేదు. కార్తీక్ తన బల్ల వదిలి వచ్చాడు. నీలి నీళ్ళు పులిగడ్డ దగ్గర మూసీ నీళ్ళను తాకగానే నేను గంతు వేసినంత పని చేశాను. గోవర్ధనరావుగారు కళ్ళజోడు సర్దుకుని బల్ల మీదకు వంగారు.

"ఇది ఏ పుస్తకంలో చదివావు?"

"చదవలేదండి. ఈ పోటు మీదే మా నాన్న పడవ లోపలికి తెస్తాడండి."

ఆయన నాన్నను లోపలికి పిలిచి, నా పక్కన నిలబెట్టి మరీ గెలిచినవాళ్ళలో నా పేరు చదివారు.

వారం తర్వాత హైదరాబాదు బస్సు ఎక్కి కూర్చోగానే నాన్న కిటికీలోంచి సీసా అందించాడు. కడిగి, మళ్ళీ సముద్రపు నీళ్ళు నింపాడు.

"ఇవి మూసీలో పొయ్యవే. మన పోటు అంత దూరం రాలేదుగా, నువ్వు తీసుకెళ్ళు," అన్నాడు.