తలుపు కింది సందు

నాకు డెబ్బై మూడేళ్ళు. పుట్టిన దగ్గర్నుంచి ఈ కాళ్ళకు చెప్పు అన్నది తగల్లేదు. బడికి వట్టికాళ్ళే, పెళ్ళికి వట్టికాళ్ళే, బజారుకీ బస్సుకీ వట్టికాళ్ళే. నా అరికాలి కింద పడిన ముల్లు విరగదు, సిగ్గుపడి పక్కకు వంగుతుంది. ఒకసారి మా వీధి కుక్క నా మడమ పట్టుకుని లాగి, ఆ తర్వాత మూడు రోజులు మెత్తటి తిండి తిని బతికింది. నమ్మకపోతే వెళ్ళి ఆ కుక్కనే అడగండి. అది చచ్చిపోయి ఇరవై ఏళ్ళయింది.

ఇందులో తమాషా ఏమిటంటే నా వృత్తి చెప్పులు కుట్టడం. "అందరికీ కుడతావు, నువ్వెందుకు వేసుకోవు?" అని అడగనివాడు లేడు. పీట మీద కూర్చుని కుట్టేవాడికి కాళ్ళు కూడా చేతులేనండీ. తోలు పట్టీని బొటనవేలికీ దాని పక్కవేలికీ మధ్య బిగించి పట్టుకుంటేనే రెండు చేతులతో దారం లాగడానికి వీలవుతుంది. చెప్పు తొడిగితే ఆ మూడో చేయి పోయినట్టే. యాభై ఏళ్ళు అలా పట్టి పట్టి నా కుడికాలి బొటనవేలు వంకర తిరిగిపోయింది.

ఇంకో గొప్ప కూడా ఇప్పుడే చెప్పేస్తాను. నేను వేసిన పట్టీ ఊడిందని ఈనాటి వరకు ఒక్కరూ నా గుమ్మం తొక్కలేదు.

ఈ రెండు గొప్పలూ ఒకే పొద్దున, ఒక గంటలో మట్టిగొట్టుకుపోయాయి. అదీ మా ఆవిడ చెప్పుల్లో.

మా ఆవిడకు కడుపులో గడ్డ ఉందన్నారు. పదకొండు గంటలకు ఆపరేషన్. ఆసుపత్రికి రోడ్డుకు ఆ పక్కన ఒక భవనం, ఈ పక్కన ఒక భవనం. ఈ పక్కది పాతది. వార్డులూ ఆపరేషన్ గదీ అన్నీ ఇందులోనే. ఇక్కడ వార్డు గడప దాటాలంటే చెప్పులు బయట విడవాలి. నర్సమ్మ వచ్చేపోయే వాళ్ళందరి మీదా అరుస్తోంది. నా దగ్గరికొచ్చేసరికి కాళ్ళకేసి చూసి ఆగింది.

"మీరెక్కడ విడిచారు తాతగారూ?"

"మా అమ్మ కడుపులోనమ్మా."

నర్సమ్మ నవ్వింది. మంచం మీద మా ఆవిడ మాత్రం నవ్వలేదు. నన్ను దగ్గరకు పిలిచింది.

"ఏమయ్యా, నన్ను లోపలికి తోసుకెళ్ళేటప్పుడు నువ్వు ఆ తలుపు దగ్గర ఉండాలి. నీ మొహం చూసే నేను లోపలికెళ్తా."

"నలభై ఎనిమిదేళ్ళు ఈ మొహం చూసే కదే కడుపునొప్పి తెచ్చుకున్నావు! ఇంకా చూస్తావా?"

మామూలుగా అయితే ఈపాటికి నా వంశాన్నంతా లేపి తిట్టాలి. తిట్టలేదు. నా రెండు వేళ్ళు పట్టుకుని, "ఉంటావుగా?" అంది. అప్పుడు భయమేసింది నాకు. "ఉంటానే, ఎక్కడికి పోతాను?" అన్నాను.

అన్న నోరు ఇంకా మూయనే లేదు, నర్సమ్మ వచ్చింది. రక్తం రిపోర్టు కొత్త భవనం నుంచి ఇంకా రాలేదట. అది చూడనిదే డాక్టరుగారు కత్తి పట్టరట. "ఎవరైనా వెళ్ళి తెచ్చుకుంటే త్వరగా అవుతుంది" అంది. ఎవరైనా అంటే నేనే. మా అమ్మాయి ఇంకా బస్సులోనే ఉంది. గోడ గడియారం పది దాటి అయిదు నిమిషాలు చూపిస్తోంది. మా ఆవిడకేసి చూసి, "ఇలా వెళ్ళి అలా వచ్చేస్తా" అని బయల్దేరాను.

కొత్త భవనం అద్దాల మేడ. గుమ్మంలో వాచ్‌మన్. అతని పక్కన ఒక బోర్డు, దాని మీద వట్టి పాదం బొమ్మ, ఆ పాదం మీద ఎర్ర గీత. నా పాదాన్నే చూసి గీసినట్టుంది.

"తాతా, చెప్పులేవి?"

"లేవు నాయనా."

"అయితే లోపలికి లేదు. సూదులు, గాజుముక్కలు పడి ఉంటాయి. మొన్న ఒకాయనకు గుచ్చుకుని పెద్ద గొడవైంది."

"నా కాలికి గుచ్చుకుంటే ఆ సూదికే నష్టం."

"జోకులు తర్వాత తాతా. పంపిస్తే నా ఉద్యోగం పోద్ది."

"పోనీ నువ్వే వెళ్ళి తెచ్చిపెట్టు."

"తలుపు వదిలి కదలకూడదు."

"నీ బూట్లివ్వు, అయిదు నిమిషాల్లో తెచ్చిస్తా."

"అప్పుడు నేను వట్టికాళ్ళతో ఉంటా కదా! నన్ను నేనే గెంటుకోవాలి."

చెడ్డవాడు కాదండీ. చెబుతుంటే అతని మొహం కూడా చిన్నబోయింది. చుట్టూ చూశాను. ఆ రోడ్డు మీద మందుల దుకాణాలు పదకొండు ఉన్నాయి, చెప్పుల దుకాణం ఒక్కటీ లేదు.

మళ్ళీ వార్డుకు పరిగెత్తాను. మంచం కింద సంచిలో మా ఆవిడ చెప్పులున్నాయి. ఏదో ఇంజెక్షన్ ఇచ్చినట్టున్నారు, ఆవిడ కళ్ళు బరువుగా వాలుతున్నాయి. సంచి చప్పుడుకు ఒక కన్ను తెరిచింది.

"నా చెప్పులు నీకెందుకయ్యా?"

"వేసుకోడానికి."

ఆ కన్ను ఇంకాస్త పెద్దదైంది. "ఎడమదాని పట్టీ..." అంది.

"తెలుసులేవే" అని కదిలాను.

తెలుసు మరి. ఆ జత నేను చేసిందే. ఎడమకాలి పట్టీ సరిపోయిందో లేదో చూద్దామని అప్పటికి బంకతో అతికించి, రేపు కుడతానన్నాను. ఆ రేపు ఎనిమిది నెలలు సాగింది. "ఊరందరికీ దారం, నాకు బంకా?" అని వారానికోసారి దెప్పేది. "ఇంట్లో మనిషివే కదా, ఎక్కడికి పోతావు?" అనేవాణ్ణి.

ఆడవాళ్ళ చెప్పులు, పైన పువ్వు కూడా ఉంది. నా మడమలు వెనక నాలుగు వేళ్ళ మేర వేలాడుతున్నాయి. వాచ్‌మన్ చూసి పెదవి కొరుక్కున్నాడు.

"వెళ్ళు తాతా. కాళ్ళకేదో ఒకటి ఉండాలన్నారు గానీ మగవాళ్ళవే ఉండాలనలేదు."

లోపల నేల అద్దంలా ఉంది. డెబ్బై మూడేళ్ళలో మొదటిసారి నాకూ నేలకూ మధ్య ఇంకోటి వచ్చింది. అడుగు ఎక్కడ పడుతోందో తెలియలేదు. గుడ్డివాడిలా గోడ తడుముకుంటూ నడిచాను. లిఫ్టు దగ్గరకు వెళ్ళేసరికి ఎడమ పట్టీ టప్పున ఊడి వచ్చేసింది.

చేతిలోకి తీసుకుని చూశాను. నాలుగు కుట్లు. నాలుగే నాలుగు కుట్లు చాలు. సూది ఇంట్లో ఉంది, దారం ఇంట్లో ఉంది, యాభై ఏళ్ళ పనితనం మాత్రం ఇక్కడ లిఫ్టు ముందు నిలబడి ఉంది. ఇంకేం చేస్తాను? చెప్పు అట్టను కాలివేళ్ళతో బిగించి పట్టుకుని ఈడ్చుకుంటూ పైకి వెళ్ళాను.

కౌంటరు ముందు పన్నెండు మంది.

"బాబూ, మా ఆవిడను కత్తి కిందికి తీసుకెళ్తున్నారు, కాస్త ముందుకు పోనివ్వండి" అన్నాను.

"మాదీ అదే పని పెద్దాయనా" అన్నాడు ముందున్నాయన. అతని కళ్ళు కూడా ఎర్రగానే ఉన్నాయి. వెనక్కి వెళ్ళి వరసలో నిలబడ్డాను. గడియారం మాత్రం చెప్పుల్లేకుండా పరిగెత్తుతోంది.

నా వంతు వచ్చింది. కౌంటరమ్మాయి కాగితం ఇస్తూ, "ఇదా? ఇందాకే వార్డుకు ఫోన్లో చెప్పేశాం తాతగారూ. కాగితం సాయంత్రం తీసుకున్నా సరిపోయేది" అంది.

చెప్పులు రెండూ చేత్తో పట్టుకుని మెట్ల మీద పరిగెత్తాను. "తాతా, కాళ్ళు!" అని వాచ్‌మన్ కేక వేశాడు. "బయటికి పోయేవాడికి కూడానా?" అని రోడ్డు దాటేశాను. పాత భవనంలో మా ఆవిడ మంచం ఖాళీగా ఉంది. తలగడ మీద తల పెట్టిన గుంట అలాగే ఉంది.

వసారా చివర ఆపరేషన్ గది తలుపు. పైన ఎర్ర బల్బు వెలుగుతోంది. నేను చేరేసరికి తలుపు మూసుకుంది. అయితే ఆ తలుపు కింద జానెడు సందు ఉంది. బండి ఇంకా లోపల గుమ్మం దగ్గరే ఆగి ఉంది. దాని మీద పక్కకు తిరిగి పడుకున్న మా ఆవిడకు ఆ సందులోంచి నా పాదాలు కనిపించాయి. పగిలిన మడమలు, వంకర బొటనవేలు. ఇక మొహంతో పనేముంది? "వచ్చావా?" అంది. "వచ్చానే" అన్నాను. అప్పుడు బండి కదిలింది.

తర్వాత మూడు గంటలు ఆ తలుపు ముందు నేల మీద కూర్చున్నాను. ఒళ్ళో ఊడిన చెప్పు. చేతులు ఊరుకోక, అటుగా వెళ్తున్న నర్సమ్మను అడిగాను.

"ఒక సూదీ, జానెడు దారం ఇస్తావా తల్లీ?"

"ఇక్కడివి మనుషుల్ని కుట్టడానికి తాతగారూ" అని వెళ్ళిపోయింది.

లోపల ఎవరో మా ఆవిడను కుడుతున్నారు. నాకు వచ్చిన పని అదొక్కటే. ఆ రోజు చెప్పుకైనా చేయలేకపోయాను.

పద్నాలుగు కుట్లతో బయటికొచ్చింది. సాయంత్రానికి తెలివి వచ్చి, నన్ను చూసి అన్న మొదటి మాట: "తలుపు దగ్గర లేవు."

"ఎందుకు లేనే? సందులోంచి నా కాళ్ళు చూశావు, 'వచ్చావా?' అని కూడా అడిగావు. మత్తులో మర్చిపోయావు."

కాసేపు ఆలోచించింది. "అవును. బొటనవేలు వంకరగా కనిపించింది" అంది. ఇప్పుడు పలకరించడానికి వచ్చినవాళ్ళందరికీ ఆ ముక్క ఆవిడే చెబుతోంది. నాకంటే బాగా చెబుతోంది. ఇంటికొచ్చిన రోజే ఆ పట్టీకి నాలుగు కుట్లు చాలినచోట పద్నాలుగు వేశాను. లెక్కపెట్టుకుని, "ఇప్పుడెందుకయ్యా ఇన్ని?" అంది.

మా ఆవిడకు చదువు రాదు గనక ఇక్కడ రాస్తున్నాను. మీరెవరూ ఆవిడకు చదివి వినిపించకండి. కుక్క సంగతి నిజమే, కావాలంటే ఒట్టు. వాచ్‌మనూ, పువ్వు చెప్పులూ, పన్నెండు మందీ, అన్నీ జరిగినవే. తలుపు కింద సందు మాత్రం లేదు. ఆ తలుపు నేలను రాసుకుంటూ మూసుకుంటుంది, చీమకు కూడా దారి లేదు. నేను వెళ్ళేసరికి అది ఊగడం కూడా ఆగిపోయింది.