నోనియా పెళ్ళికి ఓ ఉరుము కావాలి

నీకు పెళ్ళి కుదిరిందని తండ్రి చెప్పగానే నోనియా గెంతులేసింది. ఎవరితోనో చెప్పాక కూర్చుంది. ఎందుకో చెప్పాక మంచమెక్కి ముసుగు తన్నింది.

"చక్రవర్తిగారి తమ్ముడి కొడుకమ్మా! మామెర్కస్!" అని తండ్రి ఆ ముసుగుతోనే మొరపెట్టుకున్నాడు. "పాపం, తల్లీ తండ్రీ లేనివాడు. అందగాడు. గుర్రమెక్కాడంటే సైనికులు అలా నోరు తెరుచుకుని చూస్తుంటారట."

"మరి అంత స్వారీ చేసేవాణ్ణి తీసుకెళ్ళి జూపిటర్ పూజారిని చేస్తామంటారేంటి నాన్నా?" అంది ముసుగు.

తండ్రికి జవాబు తెలుసు. చెప్పే ధైర్యమే లేదు. సెనేట్‌లో ముప్ఫై ఏళ్ళుగా ఎవరేమన్నా తలూపి బతికిన మనిషాయన. ఇంట్లో మాత్రం ఒక్కసారిగా ధైర్యం ఎక్కడినించి వస్తుంది?

జవాబు ఊరందరికీ తెలుసు. చక్రవర్తికి పిల్లల్లేరు. దగ్గు మాత్రం ఉంది, అది రోజురోజుకీ లోతుకు దిగుతోంది. ఆయన తర్వాత ఎవరు? సైనికులు మామెర్కస్ అంటారు. చక్రవర్తి అక్కగారు హటేరియా మాత్రం తన కొడుకు అంటుంది. ఆ కొడుకు గుర్రమెక్కితే గుర్రానికే జాలి. అలాగని ఆ మహాతల్లి మేనల్లుడికి విషం పెట్టలేదు, దేశం దాటించలేదు. అలాంటి మోటుపనులు ఆవిడకి గిట్టవు. ఎంతో ప్రేమగా, తల నిమిరి, వాడికి దేశంలోకెల్లా పెద్ద పూజారి పదవి ఇప్పించింది.

ఎందుకంటే జూపిటర్ పూజారి గుర్రమెక్కకూడదు. ఆయుధం పట్టిన సైన్యాన్ని కంటితో చూడకూడదు. ఊరు విడిచి బయట పడుకోకూడదు. మేకను ముట్టుకోకూడదు, చిక్కుడు గింజ తినకూడదు, బట్టల్లో ఎక్కడా ముడి ఉండకూడదు. అలాంటివాడు చక్రవర్తి ఏమవుతాడు, ఇంట్లో కుక్కపిల్లనైనా పెంచుకోలేడు!

భార్యకీ అంతే కట్టుబాట్లు. ఫలానా పండగ రోజుల్లో తల దువ్వకూడదు. ఎత్తు నిచ్చెన ఎక్కకూడదు. విడాకులా? ఆ మాటే ఎత్తకూడదు. భార్య చచ్చిపోతే మొగుడి పదవి ఊడుతుంది కాబట్టి ఆవిణ్ణి ప్రశాంతంగా చావనివ్వరు కూడా. పైగా ఆ భార్య తల్లీతండ్రీ ఇద్దరూ బతికుండాలి, వాళ్ళ పెళ్ళి కూడా ఒకే రొట్టె విరిచి ఇద్దరూ తినే పాతకాలపు రొట్టె పెళ్ళి అయ్యుండాలి. అలాంటి ఇళ్ళు రోము మొత్తం వెతికినా వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందులో పెళ్ళీడు పిల్ల ఉన్న ఇల్లు ఒక్కటే.

"నా జీవితమంతా ఆ హటేరియా చేతిలో పెట్టేస్తున్నారే నానమ్మా! ఆవిడ కొండ మీది ఇంట్లో, ఆవిడ కళ్ళెదురుగా, జుట్టు చింపిరిగా వేసుకుని బతకాలి!" అని నోనియా ఆ సాయంత్రం నానమ్మ ఒళ్ళో పడి ఏడ్చింది.

నానమ్మ టిటూరియా ముగ్గురు మొగుళ్ళని సాగనంపిన మనిషి. ఇద్దరికి విడాకులిచ్చి, ఒకాయనకి చితి పేర్చి. ఏడుపంటే ఆవిడకి చిరాకు.

"ముక్కు తుడుచుకోవే. నీదీ రొట్టె పెళ్ళేగా? ఆ పెళ్ళి జరుగుతుండగా ఉరిమితే ఏమవుతుంది?"

"ఆగిపోతుంది. ఉరుముల దేవుడు జూపిటర్ వద్దన్నట్టు."

"అదే మరి. ఉరిమించేద్దాం."

"ఉరుము మన చేతిలో ఉంటుందా నానమ్మా?"

"నాటకాలాడేవాళ్ళ చేతిలో ఉంటుంది. ఫిలెరోస్ అని ఒకడున్నాడు. దేవుళ్ళు దిగే ప్రతి నాటకంలోనూ ఉరిమేది వాడే. పెద్ద ఇత్తడి గంగాళంలో గులకరాళ్ళు పోసి దొర్లిస్తాడు. మొన్నామధ్య వాడు దొర్లిస్తే నా పక్కన కూర్చున్న న్యాయాధికారి తల మీద గుడ్డ కప్పుకుని పరిగెత్తాడు. పక్కింటి కప్పు మీద కూర్చోబెడతాను వాణ్ణి. నువ్వు నోరు మూసుకుని ముస్తాబవ్వు, చాలు."

నోనియా నానమ్మని పట్టుకుని గిరగిరా తిప్పేసింది. ముసలావిడ "ఒసేయ్, నడుం, నా నడుం!" అని అరుస్తూనే నవ్వింది.

పెళ్ళిరోజు తెల్లవారింది. ఆకాశంలో మచ్చుకైనా మబ్బు లేదు. నిప్పురంగు మేలిముసుగు వేసుకుని నోనియా లోపలి వాకిట్లోకి వచ్చేసరికి సాక్షులు పదిమందీ వరుసగా నిలబడి ఉన్నారు. పదిమందీ హటేరియా తిండి తినేవాళ్ళే. వాళ్ళ మధ్య హటేరియా, నగలేమీ లేకుండా, తెల్లటి చీరకట్టులో, వెన్న తిన్న పిల్లిలా నిలబడి ఉంది.

"రా తల్లీ, బంగారు బొమ్మలా ఉన్నావు," అంది.

ఆవిడ వెనక వేణువులు పట్టుకున్నవాళ్ళని చూసి నోనియా అక్కడే ఆగిపోయింది. పూజకి ఒక వేణువు ఉంటుంది, అది మామూలే. చెడు చప్పుడేదీ చెవిన పడకుండా ఊదుతారు. చెవిన పడనిది శకునమే కాదు, ఈ సంగతి పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. కానీ ఇక్కడ వాకిలి నిండా వేణువులవాళ్ళే. గోడల మీదా, మెట్ల మీదా, నీళ్ళ తొట్టి చుట్టూ. ఊదితే బుగ్గలు పగలకుండా తోలుపట్టీలు బిగించుకుని యుద్ధానికొచ్చినట్టున్నారు.

"ఇంతమందెందుకమ్మగారూ?" అని తండ్రి నసిగాడు.

"ఆడపిల్ల పెళ్ళి కదండీ, ఆ మాత్రం సందడి లేకపోతే ఎలా?" అంది హటేరియా.

ఇక పెళ్ళి జరిపించే పెద్దాయన. చక్రవర్తి దగ్గు వల్ల రాలేక తన బదులు ఈయన్ని పంపాడట. పేరు వోల్కాటియస్. చూపు డేగ చూపు. చెవులు మాత్రం పోయి చాలాకాలమైంది. నోనియా దండం పెట్టి "క్షేమమా?" అంటే, "అవునమ్మా, ఎండగానే ఉంది," అన్నాడు.

నోనియా నానమ్మ వైపు చూసింది. ఎప్పుడూ తొణకని నానమ్మ పెదవి కొరుక్కుంటోంది.

రెండు పీటలు కలిపి, మీద గొర్రెతోలు పరిచి, వధూవరుల్ని కూర్చోబెట్టారు. ఇద్దరి తలల మీదుగా ఒకే గుడ్డ కప్పారు. ఆ గుడ్డ కింద నోనియా మొదటిసారి మామెర్కస్‌ని దగ్గరగా చూసింది. ముక్కు మీద మచ్చలున్నాయి. వాడి నెత్తిన అప్పుడే పూజారి టోపీ, తెల్లటి తోలుతో, చివర ఆలివ్ పుల్లతో, నిటారుగా. పద్ధతి ప్రకారం పెళ్ళయ్యాక, వేరే ముహూర్తంలో పెట్టాల్సిన టోపీ. కానీ హటేరియా ఆత్రం అలాంటిది. మేనల్లుణ్ణి జనం పూజారిగా చూసేయాలి, ఆ కబురు సాయంత్రానికల్లా సైనికుల గుడారాలకి చేరిపోవాలి.

వేణువులు మొదలయ్యాయి. మొదలవడమంటే మామూలు మొదలవడం కాదు. నీళ్ళతొట్టిలో నీళ్ళు వణికాయి. పక్కవీధిలో కుక్కలు ఏడుపందుకున్నాయి.

సరిగ్గా అప్పుడే పక్కింటి కప్పు మీద ఫిలెరోస్ గంగాళం దొర్లించాడు. నోనియాకి పీట అదిరింది గానీ చెవికి ఏమీ వినపడలేదు. వాడు మళ్ళీ దొర్లించాడు. హటేరియా చేయెత్తింది. వేణువులవాళ్ళ కళ్ళు బయటికొచ్చాయి. ఫిలెరోస్‌కీ పౌరుషమొచ్చినట్టుంది, గంగాళాన్ని ఏకంగా మెట్ల మీదినించి వదిలేశాడు. అంతటి రణగొణధ్వనిలో సాక్షులు పదిమందీ నిమ్మకు నీరెత్తినట్టు నిలబడ్డారు. ఒకాయన తల మీద కప్పునించి పెంకు ముక్క పడితే, దాన్ని మర్యాదగా దులుపుకున్నాడు.

"నీ పనేనా?" అన్నాడు మామెర్కస్, గుడ్డ కింద, చెవి దగ్గర నోరు పెట్టి.

"ఏది?"

"ఆ ఉరుము. పీట కింద వస్తోందిగా."

నోనియాకి నవ్వాగలేదు. "నానమ్మ పని. మీకు కోపమా?"

"కోపమా! నీకు దండం పెడదామనుకుంటున్నాను. నేనూ రాత్రంతా ఆలోచించి, తుమ్ముదామని మిరియాలు తెచ్చుకున్నాను. తుమ్మితే అశుభం కదా అని. ఈ ముసలాయనకి తుమ్ము వినపడుతుందా, నా మొహం!"

ఇద్దరూ గుడ్డ కింద వణికిపోతూ నవ్వారు. బయటినించి చూసేవాళ్ళకి పిల్ల భయపడి ఏడుస్తోందనిపించింది. తల్లి కళ్ళొత్తుకుంది.

"సరే, విను," అన్నాడు మామెర్కస్, ఊపిరి తిప్పుకుని. "వినపడేది పని చెయ్యదు. కనపడేది చేస్తుంది. అగ్ని ముందు ఈ టోపీ నెత్తిమీంచి పడిందా, ఇక జన్మలో ఈ పదవి నాకు రాదు. దీనికి గడ్డం కింద తాడు కూడా లేదు. పూజారికి ముడి కూడదుగా! ఇప్పుడు ద్రాక్షసారా పోయడానికి వంగుతాను. నేనే పడేసుకుంటే అత్తయ్య పట్టేస్తుంది. నువ్వు ముసుగు సర్దుకుంటున్నట్టు మోచేత్తో ఒక్క తోపు తొయ్యి. రొట్టె ఇంకా తినలేదు కాబట్టి పెళ్ళీ ఉండదు. నీ దారిన నువ్వు, నా గుర్రాల దారిన నేను."

"నిజంగా?"

"నిజంగా. నువ్వు హాయిగా రోజూ తల దువ్వుకోవచ్చు."

గుడ్డ తీశారు. మామెర్కస్ గిన్నె పట్టుకుని అగ్ని మీదికి వంగాడు. టోపీ ముందుకి వాలింది. నోనియా మోచెయ్యి లేపింది. ఇంత తేలికా అనిపించింది ఆమెకి. ఒక్క తోపు, అంతే. రేపటికి ఈ ముక్కు మచ్చలవాడు ఎక్కడుంటాడో, తనెక్కడుంటుందో!

మోచెయ్యి దించేసింది.

వాడు సారా అంతా పోసి, ఇంకా వంగే ఉండి, ఇంకా ఎదురుచూసి, చివరికి వెనక్కి తిరిగాడు. వాడి మొహం చూస్తే జాలేసింది. "ఏంటిది?" అన్నాయి పెదవులు.

"ముందు తిను," అంది నోనియా.

వోల్కాటియస్ రొట్టె విరిచాడు. నోనియా తన ముక్క నోట్లో పెట్టుకుంది. గోధుమపిండిలో ఉప్పు ఎక్కువైంది, అయినా నమిలి మింగింది. మామెర్కస్ తన ముక్కనీ, ఆమెనీ మార్చి మార్చి చూశాడు. వాడి చెవులు ఎర్రగా కందిపోయాయి. ఆ తర్వాత ముక్క మొత్తం ఒకేసారి నోట్లో కుక్కుకున్నాడు, ఎవరైనా లాగేసుకుంటారేమో అన్నట్టు. సాక్షులు తలలూపారు. పెళ్ళయిపోయింది.

ఇక సాంబ్రాణి వెయ్యాలి. వరుడు మళ్ళీ అగ్ని మీదికి వంగాడు. వధువుకి ఉన్నట్టుండి ముసుగు జారింది. సర్దుకోబోయింది. ఆ సర్దుకోవడంలో మోచెయ్యి తగిలింది పాపం. టోపీ ఎగిరి, వేదిక అంచు మీద ఒక్క క్షణం ఆగి, దొర్లి, వోల్కాటియస్ కాళ్ళ దగ్గర పడింది.

"పడింది!" అని ముసలాయన వేణువులన్నిటికీ మించిన గొంతుతో అరిచాడు. "నా రెండు కళ్ళతో చూశాను! వీడు పనికిరాడు! పూజారిగా పనికిరాడు!"

వేణువులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. పదిమంది సాక్షులూ ఏం చూశామని చెప్పాలో తెలియక హటేరియా మొహం చూశారు. నానమ్మ మాత్రం స్తంభానికి ఆనుకుని, కొంగు నోట్లో కుక్కుకుని, భుజాలు ఎగరేస్తూ నవ్వుతోంది.

"మరి పెళ్ళో?" అని తండ్రి సన్నగా అడిగాడు.

వోల్కాటియస్‌కి వినపడేలా నలుగురు కలిసి అరవాల్సి వచ్చింది. "పెళ్ళికేం? రొట్టె తిన్నారుగా, అయిపోయింది! ఉరిమితే ఆగేది. ఉరుమెక్కడిది, ఆకాశం చూడండి ఎలా ఉందో!" అన్నాడాయన.

దాంతో ఇల్లంతా గొల్లుమంది. వేణువులవాళ్ళు, చేసే పనిలేక, పెళ్ళిపాట ఎత్తుకున్నారు. మామెర్కస్ నోనియాని నడుం పట్టి పైకెత్తి, "గుర్రమెక్కొచ్చు! చిక్కుడు తినొచ్చు! మేకని ముట్టుకోవచ్చు!" అని వాకిలంతా తిప్పాడు. ఆమెకి కళ్ళు తిరుగుతున్నాయి, నవ్వీ నవ్వీ కడుపు నొప్పెడుతోంది, ఇంత ఆనందం ఒంట్లో ఎక్కడ పడుతుందో తెలియడం లేదు. హటేరియా చేతుల్లోంచి బయటపడ్డాను అనుకుంది. పడ్డాను, పడ్డాను.

దింపేసరికి ఎదురుగా హటేరియా నిలబడి ఉంది. కోపం లేదు. ఆవిడ రెండు చేతులూ చాచి కొత్త కోడల్ని దగ్గరకి తీసుకుంది. ఒంటికి గులాబీ నీళ్ళ వాసన. చూసేవాళ్ళకి, కోడలిని ముద్దాడుతున్నట్టే కనపడింది.

"వాడు సారా పోసినప్పుడు నిన్నే చూస్తున్నానే," అంది మెల్లగా. "మోచెయ్యి ఎత్తి దించేశావు. అప్పుడే తోసుంటే పూజారీ పోయేవాడు, మొగుడూ పోయేవాడు. ముందు తిన్నావు, తర్వాత తోశావు. పూజారి పోయాడు, చక్రవర్తి కాగలిగినవాడు నీకు మొగుడై మిగిలాడు."

"లేదండీ, నేను దానికోసం కాదు..."

"నేనైనా అంతే చేసేదాన్ని," అంది హటేరియా, ఆమె చెంప నిమురుతూ. "మా ఇంట్లో నా అంతది లేదని ఇన్నాళ్ళూ బెంగగా ఉండేది తల్లీ. రేపటినించి పొద్దున్నే నా దగ్గరకి వచ్చి కూర్చో."

ఆవిడ వెళ్ళిపోయింది. మామెర్కస్ చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు. "ఏమంది అత్తయ్య?"

నోనియా వాడి మొహం వైపు, ముక్కు మీది మచ్చల వైపు చూసింది. నిజం నాలిక చివరిదాకా వచ్చింది.

"ఆశీర్వదించారు," అంది.