తటస్థం మాస్టారి ‘అయితే’

బ్యూరెట్ గాజుగొట్టం కొళాయి మళ్ళీ కారుతోంది. ఎంత బిగించినా బొట్టు వెనక బొట్టు కింది పింగాణీ పలక మీద పడుతూనే ఉంది. “దీని దుంప తెగ,” అని గొణుక్కుంటూ తటస్థం మాస్టారు కొళాయిని ఇంకాస్త తిప్పారు. ఇంకాస్త కారింది.

ల్యాబక్క తొట్టి దగ్గర కడుగుతున్న ఫ్లాస్కు వదిలేసి వచ్చింది. కొళాయి బిరడా ఊడదీసి, పాత గుడ్డతో తుడిచి, కాస్త వాజలిన్ రాసి, తిరిగి దూర్చింది. కారడం తగ్గింది గాని ఆగలేదు.

“ముసలిదైపోయింది మాస్టారూ. మనలాగే,” అంది.

“మనం నయం. కారినా ఎవరికీ కనబడదు,” అన్నారాయన చిరాగ్గా. ఆమె నవ్వింది. ఆయనకు నవ్వు రాలేదు.

పొడుగాటి గది. మూడు కిటికీల్లో ఒకటి మూసుకోదు, ఒకటి తెరుచుకోదు. నల్లరాతి బల్ల మీద ఆమ్లం ఒలికిన చోటల్లా తెల్లటి మచ్చలు. అలమరాలో సీసాల మీద అంటించిన కాగితాలన్నీ మాస్టారి చేతిరాతే. వాటిని వరస తప్పకుండా పేర్చి, దుమ్ము తుడిచి, పగలకుండా కాపాడేది మాత్రం ఆమె. యాభై దాటిన మనిషి. సన్నగా, ఎత్తుగా, కాస్త ముందుకు వంగి నడుస్తుంది. పిల్లలు ల్యాబక్క అంటారు. పిల్లల్ని చూసి టీచర్లూ అదే అంటారు. ఆమె అసలు పేరు జీతం ఇచ్చే గుమాస్తాకు తెలుసేమో.

మాస్టారికీ అసలు పేరు మిగల్లేదు. ‘తటస్థీకరణం’ పాఠం చెప్పేటప్పుడు ఆ మాటను ఒక్క అక్షరం మింగకుండా పలుకుతారని పిల్లలు పెట్టిన పేరది. టీచర్లకు అది ఇంకో కారణంతో నచ్చింది. ఏ తగువులోనూ ఆయన ఒక వైపు నిలబడరు. ఈ పక్క ఒక మాట అంటే, వెంటనే ఆ పక్కా ఒక మాట వేసి సరిచూస్తారు. గోడమీద పిల్లి అని వెనక అంటారని ఆయనకు తెలుసు. తెలిసి ఉడుక్కోవడం తప్ప ఏనాడూ చేసిందేం లేదు.

“నాలుగింటికి మీటింగంట కదా,” అంది ల్యాబక్క, చేతిలో గుడ్డ మడతపెడుతూ.

“అవును.”

“నా సంగతి కూడా వస్తుందంట.”

“వస్తుంది.”

స్కూలు కరస్పాండెంటు ఈ గదిలో పెద్ద తెర పెట్టిద్దామనుకుంటున్నాడు. ప్రయోగాలన్నీ బొమ్మల్లో చూపించవచ్చు, గాజు పగలదు, చెయ్యి కాలదు, కంపు కొట్టదు అంటున్నాడు. ల్యాబు లేకపోతే ల్యాబక్కను హాస్టలుకు పంపుతారు. అక్కడ రాత్రి డ్యూటీ.

“ఒక్క మాట చెప్పండి మాస్టారూ. మీరంటే వింటారు. మా అత్త మంచంలోంచి లేవలేదని మీకు తెలుసు కదా. రాత్రిళ్ళు ఆవిణ్ణి ఎవరి మీద వదిలిపెట్టను? వెళ్ళలేనంటే మానెయ్యమంటారు. ఈ వయసులో నన్నింకెవరు పనిలో పెట్టుకుంటారు?”

“చెబుతాలేమ్మా.”

“చూద్దాం అనడం కాదుగా?”

“చెబుతానన్నానా లేదా?” అని కసిరారు. కసిరాక ఆయనకే బాధనిపించింది. ఆమె మాత్రం ఏమీ అనుకోనట్టు ఫ్లాస్కు దగ్గరికి వెళ్ళిపోయింది.

పదో తరగతి పిల్లలు గుంపుగా వచ్చి బల్ల చుట్టూ నిలబడ్డారు. మాస్టారు నల్లబల్ల మీద సల్ఫ్యూరిక్ ఆమ్లం, సోడియం హైడ్రాక్సైడ్ రాసి, బాణం గుర్తు వేసి, ఆ పక్కన సోడియం సల్ఫేటు, నీళ్ళు రాశారు. సమీకరణం తుల్యం చెయ్యమన్నారు. వెనక వరసలోని బొద్దుపిల్లాడు వచ్చి, ఎడమవైపు సోడియం ఒకటే ఉంది, కుడివైపు రెండున్నాయి కదా అని ఆలోచించి, Na పక్కన కింద చిన్న రెండు తగిలించి Na₂OH చేసి, విజయగర్వంతో సుద్దముక్క కింద పెట్టాడు.

మాస్టారికి అరికాలి మంట నెత్తికెక్కింది. నిన్న చెప్పారు, మొన్న చెప్పారు. గోడకు చెప్పినా ఈపాటికి వచ్చేది.

“ఒరేయ్, ఒక్క చెప్పే ఉందనుకో. ఇంకో చెప్పు తెచ్చుకుంటావా, ఉన్న చెప్పునే రెండు కాళ్ళకూ పట్టేలా సాగదీస్తావా?”

“ఇంకోటి తెచ్చుకుంటా సార్.”

“మరి దాన్నెందుకు సాగదీశావురా? అలాంటి పదార్థం ప్రపంచంలో ఉందా? కింద అంకె ముట్టుకోకూడదు. ముందు అంకె వెయ్యాలి. ఆమ్లం దగ్గర రెండు హైడ్రోజన్లున్నాయి. ఒక్క క్షారం వస్తే ఒకదాన్నే తీసుకుపోతుంది. రెండోదానికి ఇంకో క్షారం రావాలి. కాబట్టి క్షారం ముందు రెండు. అప్పుడు నీళ్ళు ఎన్ని?”

“ఒకటి సార్.”

“ఒకటా?”

“రెండు సార్. రెండు.”

2NaOH, 2H₂O అని వేసి, రెండు వైపులా ఒక్కొక్క మూలకాన్నీ లెక్కపెట్టించారు. అటూ ఇటూ సరిపోయాక ఆయనకు ఎప్పటిలాగే ఊపిరి తేలికైంది. ఇన్నేళ్ళుగా ఆయనకు మిగిలిన సుఖమిదొక్కటే.

తర్వాత ఫ్లాస్కులో ఆమ్లం, అందులో రంగు తెలిపే ఫినాఫ్తలీన్ రెండు చుక్కలు. పైనుంచి బ్యూరెట్‌లో క్షారం బొట్టుబొట్టుగా. పడ్డచోట గులాబీ రంగు వస్తుంది, ఫ్లాస్కు తిప్పగానే పోతుంది. పోకుండా లేతగా నిలిచిపోయిన బొట్టు దగ్గర ఆపెయ్యాలి. పిల్లలు ఆపరు. ఒక జట్టు కాదు, రెండు జట్లు కాదు, అందరూ ఇంకొక్క బొట్టు, ఇంకొక్క బొట్టు అంటూ ముదురు గులాబీ చేసి పారేశారు. “ఆపమంటే ఆపరేంరా?” అని అరిచి అరిచి ఆయన గొంతు పోయింది. నాలుగు గంటల మీటింగు మీది బెంగ పిల్లల మీద పడుతోంది. అత్త మీద కోపం దుత్త మీద.

చివర్లో, కాస్త గాఢంగా ఉన్న ద్రావణాలు వేరే బీకరులో మెల్లగా కలిపి, బయటినుంచి ముట్టుకుని చూడమన్నారు. వెచ్చగా ఉంది. మొదటి వరసలోని రెండుజడల పిల్ల చెయ్యి తియ్యకుండానే అడిగింది:

“సార్, తటం అంటే ఒడ్డని మా తాతయ్య చెప్పాడు. తటస్థం అంటే ఒడ్డున నిలబడ్డం కదా. మరి ఇక్కడెవరూ ఒడ్డున లేరు కదా సార్? రెండూ దూకేశాయి.”

పిల్లలు నవ్వారు. మాస్టారు “తెలివి ఎక్కువైంది, వెళ్ళి నీ చోట్లో నిలబడు” అన్నారు గాని, ఆ మాట కాలిలో ముల్లులా ఉండిపోయింది.

మధ్యాహ్నం భార్య ఫోను చేసింది.

“ఏవండీ, మీ ల్యాబక్క గురించి చెబుతానని రాత్రి అన్నారు కదా. గుర్తుందా?”

“ఉంది. అందరూ చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెబుతారేమిటి?”

“చెప్పి ఊరుకోండి. తర్వాత ‘అయితే’ అనకండి. మీకు దణ్ణం పెడతాను.”

ఆయన ఫోను పెట్టేశారు. ఆవిడ ఎందుకన్నదో ఆయనకు తెలుసు. పెళ్ళయిన కొత్తలో అమ్మకూ ఆవిడకూ క్షణం పడేది కాదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఇద్దరూ వచ్చి నిలదీస్తే “అమ్మ చెప్పిందీ నిజమే, అయితే నువ్వు చెప్పిందీ నిజమే” అనేవారు. న్యాయంగా ఉన్నాననే అనుకున్నారు. ఒకరోజు అమ్మ సంచీ సర్దుకుని తన చెల్లెలింటికి వెళ్ళిపోయింది, మళ్ళీ కొడుకు గుమ్మం తొక్కలేదు. అమ్మ పోయాక భార్యే ఏడ్చింది. “ఒక్కసారి నన్ను తిట్టినా, ఒక్కసారి ఆవిణ్ణి తిట్టినా ఇద్దరం ఒక ఇంట్లో పడి ఉండేవాళ్ళం. మీరు ఎవరికీ ఏమీ కాలేదు,” అంది. దానికీ ఆయన దగ్గర జవాబుంది. అయితే, అని మొదలయ్యే జవాబు.

నాలుగింటికి అందరూ ప్రిన్సిపాల్ గదిలో చేరారు. ల్యాబక్కను పిలిచినప్పుడు రమ్మని బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. తలుపు ఓరగా వేసి ఉంది. కరస్పాండెంటు తెర గురించి, క్లాసులకు గదులు చాలకపోవడం గురించి చెప్పి, “కెమిస్ట్రీ సారు ఏమంటారు?” అని అడిగాడు.

మాస్టారు లేచి నిలబడ్డారు. లేవక్కర్లేదు, అయినా లేచారు.

“ల్యాబు ఉండాలండీ. రంగు మారడం పిల్లలు కళ్ళారా చూడాలి. బీకరు వేడెక్కడం చేత్తో తెలియాలి. తెర మీద అది తెలీదు. ల్యాబక్క కూడా ఉండాలి. ఆమె చేతుల మీదే ఇన్నాళ్ళూ ఆ గది నడిచింది. ఇంట్లో లేవలేని మనిషిని పెట్టుకున్న ఆమెను రాత్రి డ్యూటీకి పంపడం అన్యాయం.”

అన్యాయం అనే మాట తన నోట వచ్చిందని ఆయనే నమ్మలేకపోయారు. ప్రిన్సిపాల్ తలూపింది. కరస్పాండెంటు పెన్ను మూతపెట్టి, “సరే, మీరింతగా చెబుతుంటే...” అని ఆగాడు.

ఆ ఆగిన చోట ఎవరైనా దగ్గినా బాగుండేది. ఎవరూ దగ్గలేదు. మాస్టారికి ఆ నిశ్శబ్దంలో ఒక పక్కే బరువు వేసిన తక్కెడ కనబడింది. రెండో పక్క ఖాళీగా ఉంటే ఆయన ప్రాణం ఒప్పదు. ఎదుటి మనిషి మొహం చూశారు. పాపం, అతనికీ ఇబ్బందులుంటాయి కదా అనిపించింది.

“అయితే,” అన్నారు.

అన్నాక ఆగడం తెలియలేదు. “అయితే, గదులు చాలడం లేదన్నదీ కాదనలేం. ఆమె లేకపోయినా పిల్లలతో కడిగించుకుని ఎలాగో నెట్టుకురావచ్చు. పని ఆగదనుకోండి.”

“అదీ మాట,” అన్నాడు కరస్పాండెంటు. “పని ఆగదని సారే అంటున్నారు. రేపటినుంచి హాస్టలు. కుదరకపోతే ఆమె ఇష్టం. తర్వాత బస్సుల సంగతి.”

“నా ఉద్దేశం అది కాదండీ...”

“అర్థమైంది సార్. కూర్చోండి.”

బస్సుల సంగతి అయిపోయేదాకా ఆయన కూర్చునే ఉన్నారు. నాలుక తెగ్గోసుకోవాలన్నంత కోపం. ఎవరి మీద చూపించాలో తెలియని కోపం. బయటికొచ్చేసరికి బెంచీ ఖాళీగా ఉంది.

ల్యాబులో ఆమె చివరి ఫ్లాస్కు తుడిచి అలమరాలో పెడుతోంది.

“మొదట నీ గురించే గట్టిగా చెప్పానమ్మా.”

“విన్నాను మాస్టారూ. తలుపు పక్కనే ఉన్నాను కదా. బాగా చెప్పారు.” అలమరా తలుపు వేసింది. “అక్కడితో ఆపాల్సింది.”

“రేపు మళ్ళీ మాట్లాడతాను. కాగితం మీద రాసిస్తాను.”

“ఎందుకులెండి. మళ్ళీ రెండు వైపులా రాస్తారు.”

ఎత్తిపొడుపు కాదు, అలవాటైన వేళాకోళమే. ఆమె నిజంగానే కాస్త నవ్వింది కూడా. తిట్టినా బాగుండేదని ఆయనకనిపించింది. తిడితే సంజాయిషీ అయినా చెప్పుకోవచ్చు.

“అత్తను చూసుకోవాలి కదా మాస్టారూ. హాస్టలు నావల్ల కాదని చెప్పేశాను. తాళాలు ఆఫీసులో ఇచ్చేశాను.” సంచీ భుజానికి తగిలించుకుంది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. “వెళ్తాను మాస్టారూ.”

రోజూ సాయంత్రం “వస్తాను మాస్టారూ” అనేది. రేపు రావలసిన వాళ్ళెవరూ వెళ్తాననరు. ఆయన నోరు తెరిచారు. ఉండమ్మా అన్న ఒక్క మాట చాలు. అది రాలేదు. వరండాలో ఆమె అడుగుల చప్పుడు మెట్లదాకా వినబడి ఆగిపోయింది.

“వెధవ నోరు,” అన్నారు మాస్టారు ఖాళీ గదిలో పైకే. స్టూలును కాలితో తన్నారు. అది పడలేదు, ఆయన కాలే నొప్పెట్టింది. కాలు పట్టుకుని తొట్టి అంచుకు ఆనుకున్నారు. తొట్టి పైన మేకుకు ఆమె రబ్బరు చేతితొడుగులు వేలాడుతున్నాయి. కుడి బొటనవేలికి సైకిల్ ట్యూబు ముక్క అతికించి ఉంది, మిగతా వేళ్ళు ఇంకా తడారకుండా, ఏదో పట్టుకుని ఉన్నట్టు లోపలికి వంగి ఉన్నాయి.