కిటికీ మంచం

ఆ గదిలో రెండు మంచాలు. కిటికీ పక్కది టైలరమ్మది, తలుపు పక్కది కండక్టరమ్మది. ఒకావిడ జీవితమంతా కుట్టుమిషన్ తొక్కింది, ఇంకొకావిడ జీవితమంతా సిటీ బస్సులో టికెట్లు కొట్టింది, అందుకే హోమ్‌లో అందరికీ వాళ్లు టైలరమ్మా కండక్టరమ్మానే. నాలుగేళ్లుగా ఒకే గది, నాలుగేళ్లుగా ఆ కిటికీ కోసం ఒకటే పోట్లాట.

"నీకేంటమ్మా, తలుపు దగ్గర వేలాడ్డం అలవాటేగా," అనేది టైలరమ్మ.

"టికెట్ లేకుండా ఎక్కి కూర్చున్నదానివి, నీకెంత నోరే! దిగు, స్టాపొచ్చింది," అనేది కండక్టరమ్మ.

వైరస్ వచ్చాక పోట్లాటలకి కూడా ఓపిక లేకుండా పోయింది. బయటివాళ్లని లోపలికి రానివ్వడం మానేశారు. భోజనాల హాలుకి తాళం, టీవీ గదికి తాళం. ముందు వంటావిడకి జ్వరం వచ్చింది, తర్వాత రోజూ వీళ్లిద్దరికీ జడలు వేసే పాత ఆయాకి వచ్చింది, ఆ తర్వాత వరసగా ఒక్కొక్కరూ మాయమైపోయారు. వాళ్ల స్థానంలో ఎక్కడెక్కడి నుంచో కొత్తవాళ్లు దిగారు, తల నుంచి కాళ్ల దాకా తెల్ల సూట్లు, కళ్లకి అద్దాలు. ఎవరు ఆడో ఎవరు మగో గొంతు విప్పితే గానీ తెలిసేది కాదు. వాళ్లకీ ఈ ముసలాళ్ల మొహాలు తెలియవు, తెలుసుకునే తీరికా లేదు. పేషెంట్ అంటే మంచం, మంచం అంటే పేషెంట్.

పాజిటివ్ వచ్చినవాళ్లని పై అంతస్తులో పెద్ద హాలుకి తీసుకెళ్లేవాళ్లు. అక్కడి నుంచి కొందరు అంబులెన్స్‌లో ఆసుపత్రికి వెళ్లేవాళ్లు. వెళ్లినవాళ్ల సంగతి ఎవరూ అడిగేవారు కాదు.

కింది అంతస్తు వాళ్లకి మిగిలిన అదృష్టం ఒక్కటే, కిటికీ. అయినవాళ్లు వచ్చి బయట నిలబడి, ఫోన్ చెవికి పెట్టుకుని, అద్దంలోంచి మొహాలు చూసుకుంటూ మాట్లాడుకోవచ్చు. కండక్టరమ్మకి ఒక్కతే కూతురు. సూపర్ మార్కెట్‌లో బిల్లింగ్ కౌంటర్‌లో ఉద్యోగం, ఆదివారం ఒక్కరోజే సెలవు. ఆ ఒక్కరోజూ రెండు బస్సులు మారి వచ్చేది, కిటికీ కింద పూలమొక్కలు తొక్కకూడదని ఒంటికాలి మీద కొంగలా నిలబడేది. కండక్టరమ్మేమో మోకాళ్లు పట్టేసి నిలబడలేకపోయేది. కూతురి మొహం కనబడాలంటే కిటికీ మంచం ఎక్కి కూర్చోవాల్సిందే.

"ఎక్కు, ఏడుస్తావు మళ్లీ," అని ప్రతి ఆదివారం టైలరమ్మే లేచి తలుపు మంచం మీదికి వెళ్లేది. "అమ్మాయి పోగానే దిగిపోవాలి, చెప్తున్నా."

టైలరమ్మ కోసం ఏ కిటికీకీ ఎవరూ రారు. ఆ సంగతి ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఒక ఆదివారం వాళ్లలా మంచాలు మార్చుకుని ఉన్నప్పుడే రెండు తెల్ల సూట్లు గదిలోకి వచ్చాయి. ఫోన్ పక్కన పెట్టమన్నాయి, ఇద్దరి ముక్కుల్లోనూ పుల్ల పెట్టి తిప్పాయి, గొట్టాల మూతలు బిగించి చకచకా పక్క గదికి వెళ్లిపోయాయి. కండక్టరమ్మ కళ్లనీళ్లు తుడుచుకుంటుంటే అద్దం అవతల కూతురు పడీ పడీ నవ్వింది.

రెండు రోజులకి ఫలితం వచ్చింది. "కిటికీ బెడ్ పాజిటివ్" అంటూ చక్రాల కుర్చీ తెచ్చారు. టైలరమ్మ బిత్తరపోయింది.

"నాకా? నాకేమీ లేదే!"

"మొదట్లో అలాగే ఉంటుందమ్మా. పదండి, పదండి."

కళ్లజోడు ఎక్కడ పెట్టిందో వెతుక్కునే టైము కూడా ఇవ్వలేదు. పోతూ పోతూ తలుపు దగ్గర కండక్టరమ్మ మీద చెయ్యి వెయ్యబోయి, గుర్తొచ్చి, వెనక్కి తీసుకుంది. "నా మంచం ఆక్రమించావంటే ఊరుకోను," అంది.

ఆ తర్వాత గది ఎంత పెద్దదైపోయిందో! కండక్టరమ్మ తలుపు మంచం మీదే కూర్చుని ఖాళీ మంచాన్ని చూసేది. చూసి చూసి, "ఫ్యాన్ తగ్గించనా?" అని అడిగేసేది. అడిగాక తనకే సిగ్గేసేది. పొద్దున తిండి డబ్బా, మధ్యాహ్నం డబ్బా, సాయంత్రం డబ్బా. డబ్బా పెట్టిపోయే తెల్ల సూటు మాట్లాడదు, మాట్లాడినా మాస్కులో సగం మాట మింగేస్తుంది. రోజంతా రద్దీ బస్సులో బతికిన మనిషి, చెవులు చిల్లులు పడే గోలలో అన్నం తిన్న మనిషి, ఇప్పుడు పైనుంచి మంచం చక్రాలు కదిలిన శబ్దం వస్తే చాలు, అదీ ఒక పలకరింపే అన్నట్టు చెవులు రిక్కించేది. ఎవరిది? టైలరమ్మది కాదు కదా? ఆవిడ ఊపిరితిత్తులు అసలే అంతంత మాత్రం, ఏళ్ల తరబడి పీల్చిన గుడ్డల దుమ్మంతా అక్కడే ఉంది.

గురువారం సాయంత్రం మోకాళ్లకి నొప్పుల మందు రాసుకుంది. ఆ మందు ఘాటుకి టైలరమ్మ ముక్కు మూసుకుని బూతులు తిట్టేది, కారిడార్‌లో పోయేవాళ్లు కూడా దగ్గేవాళ్లు. కండక్టరమ్మ మందు డబ్బా మూత పెడుతూ పెడుతూ ఆగింది. వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏమీ లేదు. ఇంకొంచెం తీసి ముక్కు కిందే పూసుకుంది. మంట పుట్టింది, కళ్లనీళ్లు కారాయి, వాసన మాత్రం లేదు.

వాసన పోవడమంటే ఏంటో అప్పటికి హోమ్‌లో అందరికీ తెలుసు. వంటావిడకి మొదట పోయింది అదే.

అలాగే కూర్చుండిపోయింది. తనకొచ్చింది, సరే. టైలరమ్మ నుంచి అంటుకుంది, అంతేగా? మరి టైలరమ్మకి దగ్గు లేదు, జ్వరం లేదు, వెళ్లే రోజు పొద్దున కూడా మందు కంపని తిట్టిపోసిందే! అప్పుడు గుర్తొచ్చింది ఆదివారం. పుల్ల పెట్టినప్పుడు కిటికీ మంచం మీద కూర్చున్నది ఎవరు? కూతురు ఎవర్ని చూసి నవ్వింది?

నా రోగానికి ఆవిడని తీసుకెళ్లారు. రోగం లేని మనిషిని రోగుల మధ్య పడుకోబెట్టారు.

బెల్లు మీదికి చెయ్యి వెళ్లింది. వెళ్లి ఆగింది. పై హాలుకి వెళ్తే కిటికీ లేదు, ఆదివారం లేదు, కూతురి మొహం లేదు. అక్కడి నుంచి ఆసుపత్రికి తీసుకెళ్తే ఇంక ఎప్పటికీ లేకపోవచ్చు. ఆదివారం దాకా, అంతే. ఒక్కసారి చూసుకుని చెప్పేస్తాను. ఈలోగా ఏం మునిగిపోతుంది?

శుక్రవారం ఏమీ మునిగిపోలేదు. డబ్బా తెచ్చిన తెల్ల సూటుని, "అక్కడే పెట్టు తల్లీ, లోపలికి రాకు," అని గుమ్మంలోనే ఆపేసింది. శనివారం పైనుంచి చక్రాల శబ్దం వచ్చింది, తర్వాత బయట అంబులెన్స్ తలుపు వేసిన చప్పుడు. కండక్టరమ్మ ఆ రోజు డబ్బా మూత తియ్యలేదు.

ఆదివారం కూతురు వచ్చింది. ఒంటికాలి మీద నిలబడింది. మాస్కు కిందికి లాగి పళ్లన్నీ బయటపెట్టి నవ్వింది. "ఏంటమ్మా, మొహం అలా ఉంది? తిన్నావా?"

కిటికీ మంచం మీద కూర్చుని కూతుర్ని తనివితీరా చూద్దామనుకుంది. రెండు నిమిషాలు కూడా చూడలేకపోయింది. ఫోన్‌లో మొత్తం చెప్పేసింది.

కూతురు నవ్వు ఆగిపోయింది. "జ్వరముందా?"

"లేదే. కొంచెం దగ్గు."

"ఆయాసం?"

"లేదు."

"మరింకేంటి! నోరు మూసుకుని పడుకో. దానంతట అదే తగ్గిపోతుంది. ఎవరికీ చెప్పకు."

"ఆవిడ అక్కడుందే. నా బదులు ఉంది."

"ఉంటే? నువ్వు పంపావా? వాళ్లు పంపారు, వాళ్ల తప్పు!"

"ఆవిడకి ఊపిరి సరిగ్గా ఆడదే..."

"ఆవిడ మా అమ్మ కాదు!" అని అరిచింది కూతురు. అద్దంలోంచి కూడా వినబడింది ఆ అరుపు. తర్వాత తనే భయపడి గొంతు తగ్గించింది. "అమ్మా, వారమంతా ఆ కౌంటర్‌లో ఎవరెవరో నా మొహం మీద దగ్గుతారు. ఇక్కడికొచ్చి నిన్ను చూస్తే మళ్లీ వారం లాగుతాను. అది కూడా తీసేస్తావా?"

కండక్టరమ్మ కూతుర్ని చూస్తూనే, చూపు తిప్పకుండానే, చెయ్యి చాచి గోడ మీద బెల్లు నొక్కింది. కూతురు అద్దం మీద అరచేత్తో దబదబా కొట్టింది. ఈసారి పూలమొక్కలు చూసుకోలేదు.

సిస్టర్ వచ్చి మొదట నమ్మలేదు. "మంచాలు మార్చుకున్నారా? చిన్నపిల్లలా మీరు?" ఆ వారమే అప్పటికప్పుడు ఫలితం చూపించే కిట్లు వచ్చాయి కాబట్టి సరిపోయింది. కండక్టరమ్మకి రెండు గీతలు. పైన టైలరమ్మకి ఒక్కటే గీత. సిస్టర్ రెండు కిట్లనీ పక్కపక్కన పెట్టి చూసింది. తర్వాత, "ఆవిడకి ఇప్పటికైతే రాలేదు. కింద ఒంటరిగా ఉంచి చూస్తాం. మీరు పైకి రావాలి," అంది.

లిఫ్ట్ దగ్గర ఎదురుపడ్డారు. టైలరమ్మ కుర్చీ బయటికొస్తోంది, కండక్టరమ్మ కుర్చీ లోపలికి వెళ్తోంది. ఇద్దరికీ మాస్కులు, మొహాల ముందు ప్లాస్టిక్ అద్దాలు, తలలకి నీలం టోపీలు. టైలరమ్మ కళ్లు చికిలించి చూసింది. "అయ్యో పాపం, ఏ గది ఈవిడది?" అని తన కుర్చీ తోసే తెల్ల సూటుని అడిగింది.

"నేనేనే!" అందామనుకుంది కండక్టరమ్మ. ఒకప్పుడు ఆ గొంతు ఎత్తితే బస్సు చివర నిద్రపోయేవాడు కూడా లేచి టికెట్ చూపించేవాడు. ఇప్పుడు దగ్గు అడ్డొచ్చింది. దగ్గు ఆగేలోపు తలుపులు మూసుకుపోయాయి. వెనక నుంచి టైలరమ్మ గొంతు, "ఏంటీ? ఏమంది?" అని వినబడి ఆగిపోయింది.

పై హాలులో వరసగా మంచాలు, మంచాల మధ్య తెరలు. తెరల వెనక ఎవరో మూలుగుతున్నారు, ఏదో యంత్రం బుసబుసమంటోంది. ఆమెకిచ్చిన మంచం నడిమధ్యలో ఉంది. కిటికీలు లేకపోలేదు గానీ చాలా ఎత్తున, గరుకు అద్దాలతో, వెలుతురు రావడానికే తప్ప చూడ్డానికి కాదు.

ఫోన్ మోగింది.

"ఎక్కడున్నావమ్మా?" కూతురి ముక్కు దిబ్బడేసిన గొంతు.

"పైకొచ్చానే. నువ్వింకా పోలేదా?"

"రోడ్డు మీదికొచ్చాను. ఇక్కణ్నుంచి పై కిటికీలన్నీ కనబడుతున్నాయి. నీదేది?"

కండక్టరమ్మ తల తిప్పి తెర వైపు చూసింది.

"చెప్పమ్మా! చెయ్యి ఊపుతున్నాను. కనిపిస్తున్నానా?"

"ఆఁ," అంది. "కనిపిస్తున్నావే."

"నిజంగా?"

"నిజంగానే తల్లీ. చక్కగా కనిపిస్తున్నావు. ఇంక చాల్లే, చెయ్యి నొప్పెడుతుంది."

"నొప్పెట్టట్లేదు," అంది కూతురు. "చూడు. ఇంకాసేపు చూడు."