భోజనం దగ్గర మాట్లాడని మనిషి

నేను తూకాలు బాగుచేసే మనిషిని. కూరగాయల కొట్లు, మిఠాయి దుకాణాలు, చిన్నచిన్న హోటళ్ళు, ఎక్కడ కాటా మొరాయిస్తే అక్కడికి నా సంచీతో వెళ్తాను. హోటళ్ళలో కాటా వంటింట్లోనే ఉంటుంది. అందుకని జనమంతా ముందు గుమ్మం నుంచి చూసే హోటల్ని నేను వెనక గుమ్మం నుంచి చూస్తాను. చూసీ చూసీ నాకు అభిప్రాయాలు ఎక్కువైపోయాయి. కడుపులో దాచుకోలేక పన్నెండేళ్ళ కిందట ఒక వారపత్రికకు రాసి పంపితే వాళ్ళు అచ్చేసి, ఇంకా రాయమన్నారు. అప్పట్నుంచీ వారం వారం అరపేజీ నాది.

ఆ అభిప్రాయాలు కొన్ని ముందే చెప్పేస్తాను, లేకపోతే మీరు నన్ను మంచివాణ్ణనుకునే ప్రమాదం ఉంది. గోడమీద యాభై రకాలు రాసిపెట్టిన హోటల్లో ఒక్కటీ నోట పెట్టలేం. ఆరు రకాలు రాసిన చోట ఆరూ బాగుంటాయి. బల్ల తుడిచే గుడ్డ ఎలా ఉందో చూడకుండా ఏదీ తెమ్మని చెప్పకూడదు. వంటమనిషి తన హోటల్లో తాను తినడని తెలిస్తే మారుమాట్లాడకుండా లేచి వచ్చేయాలి. ‘ఇంటి భోజనం లాంటి భోజనం’ అని బోర్డు పెట్టినవాణ్ణి అస్సలు నమ్మకూడదు. హోటలు హోటల్లాగే ఉండాలి. ఇవాళ్టి రుచే రేపూ ఉండాలి, అది దాని మర్యాద. ఇంటి వంటిల్లు అలా కాదు. దానికి అలిగే రోజులుంటాయి, ముద్దొచ్చే రోజులుంటాయి. కూర నోట్లో పెట్టుకుంటే వండినవాళ్ళ మనసు తెలిసిపోతుందని నేను కనీసం నాలుగు వారాలు రాశాను. ఈ చివరి అభిప్రాయమే నా కొంప ముంచింది.

మా ఇంట్లో మాత్రం నాకు అభిప్రాయాలు లేవు. ఉండటానికి వీల్లేదు. దానికో కథ ఉంది.

పదకొండేళ్ళ కిందట మా బావమరిది పెళ్ళయ్యాక మొదటిసారి భార్యను తీసుకుని మా ఇంటికి భోజనానికి వచ్చాడు. పత్రికలో నా పేరు కొత్తగా పడుతున్న రోజులు. నేల మీద కాలు ఆనడం లేదు నాకు. మా ఆవిడ పొద్దున్నే లేచి నాలుగు రకాలు చేసింది. నేను ఒక్క ముద్ద తిని, వేలు పైకెత్తి, “ఉప్పు పులుసు దాకా వచ్చి ఆగిపోయింది, ముక్కలోకి వెళ్ళలేదు. హోటలైతే ఐదుకి రెండు మార్కులు వేసేవాణ్ణి” అన్నాను. కొత్తపెళ్ళికూతురు తల వంచుకుంది. బావమరిది నీళ్ళు తాగాడు. మా ఆవిడ నవ్వుతూనే వడ్డించింది.

వాళ్ళు వెళ్ళాక నా ఎదురుగా కూర్చుంది.

“బయట మీ ఇష్టం. ఈ గుమ్మం లోపల తిండి గురించి మీ నోట ఒక్క మాట రాకూడదు. చెడూ వద్దు, మంచీ వద్దు.”

“మంచి ఎందుకు వద్దు?”

“ఒకరోజు బాగుందని, రెండోరోజు అనలేదనుకోండి. ఆ రెండోరోజు తిట్టినట్టే కదా. మొహంలో కూడా ఏదీ కనపడనివ్వకండి. పెట్టింది తిని లేవండి, అంతే.”

తప్పు నాదే కనక ఒప్పుకున్నాను. ఒప్పుకున్నాక నిలబెట్టుకున్నాను కూడా. పదకొండేళ్ళు, రెండు పూటలా, కనుబొమ్మ కదపకుండా తిన్నాను. అద్దం ముందు నిలబడి సాధన చేశానంటే నవ్వుతారు గానీ, చేశాను. అమృతంలా కుదిరిన రోజున లొట్టలు వేయకుండా ఉండటం ఎంత కష్టమో నాకు తెలుసు. ఆవిడ మీద నాకున్న ప్రేమ అంతా ఆ కదలని మొహంలోనే ఉందని లోలోపల కాస్త గర్వం కూడా ఉండేది.

మూడు నెలల కిందట మా ఆవిడకు జ్వరం వచ్చి పదిరోజులు మంచం మీద ఉంది. తగ్గి, లేచి, మళ్ళీ వంటింట్లోకి వెళ్ళింది. ఆ వారం నుంచే మొదలైంది. ఒకరోజు కూరలో ఉప్పే లేదు. మర్నాడు నాలుక మీద పెట్టలేనంత ఉంది. ఆ తర్వాత రెండు రోజులు బాగానే ఉంది, మూడోరోజు మళ్ళీ చప్పిడి. నేను మొహం బిగించుకుని తింటూనే ఉన్నాను. బుర్రలో మాత్రం నా అరపేజీ తిరుగుతోంది. వండినవాళ్ళ మనసు కూరలో తెలిసిపోతుంది కదా? చప్పిడి వంట అంటే అలక. ఉప్పు దిమ్మరించిన వంట అంటే కోపం. ఏదో తప్పు చేశాను, అదేమిటో నాకు తెలియడం లేదు.

ఏ తప్పు చేశానో తెలియనివాడు ఏం చేస్తాడు? కనపడిన పనల్లా చేస్తాడు. ఏడాదిగా కారుతున్న కుళాయి బాగుచేశాను. అటక మీద సామాన్లు దించి దులిపాను. మా ఆవిడ వాళ్ళ పెద్దమ్మకు ఫోను చేసి, ఆవిడ మోకాళ్ళ నొప్పుల గురించి అరగంట విన్నాను. మర్నాడు కూరలో రెండింతల ఉప్పు పడింది.

అప్పుడు చేశాను అసలు తప్పు. మా వీధి మలుపులో ఒక చిన్న హోటలు ఉంది. నాలుగు బల్లలు, గోడ మీద ఐదే రకాలు. నడిపే ఆవిణ్ణి అందరూ అక్క అంటారు. పని నుంచి వచ్చేటప్పుడు అక్కడ ఆగి కడుపు నింపుకుని ఇంటికి రావడం మొదలెట్టాను. ఇంట్లో రెండు ముద్దలు కెలికి లేచేవాణ్ణి. “ఆకలి లేదు” అనేవాణ్ణి. అది తిండి గురించిన మాట కాదు, కాబట్టి నియమం తప్పలేదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.  మా ఆవిడ నా కంచంలో మిగిలినదాన్ని చూసి తీసేసేది. తను కూడా సరిగ్గా తినడం మానేసింది. జాకెట్లు వదులైపోయి పిన్నులు పెట్టుకుంటోంది. అదీ నా మీద కోపమే అనుకున్నాను.

మొన్న శనివారం అక్క నా కంచంలో అన్నం పెడుతూ, “అమ్మగారి ఒంట్లో ఎలా ఉంది సార్?” అంది.

“బాగానే ఉంది. ఏం?”

“మీకు తెలీదా? సోమవారం నుంచి రెండు పూటలా ఇద్దరికి క్యారేజీ పంపమన్నారు. ఇక ఎప్పటికీ అన్నారు. నేనే అలా అనుకోవద్దన్నాను, ముందు ఓ నెల చూడండమ్మా అని.”

కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాను. ఇరవై ఆరేళ్ళ కాపురంలో, మొన్నటి జ్వరం రోజుల్లో తప్ప, నేను ఊళ్ళో లేని రోజున కూడా పొయ్యి వెలిగించకుండా ఉండని మనిషి, ఎప్పటికీ వద్దనుకుందంటే, వంట వద్దనుకుందా, నన్ను వద్దనుకుందా? ఇంటికి వెళ్ళి అడగాలనుకున్నాను. అడిగితే అది తిండి గురించిన మాట అవుతుంది. నాలాంటి వెధవ ఇంకొకడు ఉండడు, నియమం గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం ముందుగదిలో కూర్చుని పత్రికకు రాసుకుంటున్నాను. మాడువాసన వచ్చింది. పక్కింటివాళ్ళదనుకున్నాను. ఇంకాస్త గట్టిగా వచ్చేసరికి కాగితాలు వదిలేసి వంటింట్లోకి పరిగెత్తాను.

మా ఆవిడ పొయ్యికి వీపు పెట్టి, పీట మీద కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. ఆవిడకు మూరెడు దూరంలో పాలగిన్నె. పాలు పొంగి, కారి, ఇగిరి, అడుగంటి నల్లగా మాడుతున్నాయి. ఆవిడ వెనకే పొగ లేచి కిటికీలోంచి పోతోంది. ఆవిడ తాపీగా ఒక చిక్కుడుకాయ చీల్చి, గింజలు గిన్నెలో వేసి, నన్ను చూసింది.

“ఏంటండీ, అలా పరిగెత్తుకొచ్చారు?”

“పాలు...” అన్నాను.

వెనక్కి తిరిగి చూసింది. గబుక్కున లేచి పొయ్యి కట్టేసింది. మసిగుడ్డ పట్టుకుని, గిన్నె దించకుండా అలాగే నిలబడిపోయింది. నాకు వీపే కనపడుతోంది. ఆ భుజాలు వణకడం చూశాక నాకు ఒక్కొక్కటే అర్థం కావడం మొదలైంది.

“నీకు వాసన తెలియడం లేదా?”

తల అడ్డంగా ఊపింది.

“ఎప్పట్నుంచి?”

“జ్వరం తగ్గిన దగ్గర్నుంచీ. వాసనా లేదు, రుచీ లేదు. నాలిక మీద గుడ్డముక్క పరిచినట్టుంటుంది. డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళొచ్చాను. వస్తే నెలల్లో రావచ్చు, ఏడాది పట్టచ్చు, రాకపోనూవచ్చు అన్నాడు.”

“మరి ఉప్పు?”

“వేశానో లేదో అనుమానం వస్తుంది. చవి చూస్తే తెలీదు కదా. వేయలేదేమోనని మళ్ళీ వేస్తాను. ఒక్కోసారి వేసేశాననుకుని అసలు వేయను.”

అలకా లేదు, కోపమూ లేదు. మూడు నెలలు నేను ఉప్పులో ఉత్తరాలు చదువుకున్నాను. రాసినావిడకు అందులో ఏముందో కూడా తెలియదు. నామీద నాకు ఎంత కోపం వచ్చిందంటే, అది మా ఆవిడ మీద అరుపుగా బయటికొచ్చింది.

“నాకెందుకు చెప్పలేదు? ఊళ్ళోవాళ్ళ వంటలన్నీ చవి చూసేవాణ్ణి, ఇంట్లోనే ఉన్నాను కదా!”

“ఎలా చెప్పను?” అని ఇటు తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. “పదకొండేళ్ళు మీ నోరు కట్టేశాను. ఇప్పుడు నాకు అవసరం వచ్చింది కదా, విప్పండీ అని ఏ మొహం పెట్టుకుని అడగను? మిమ్మల్ని చూసి తెలుసుకుందామనుకున్నాను. వడ్డించి, ఎదురుగా కూర్చుని మీ మొహంకేసే చూసేదాన్ని. ఒక్క కనుబొమ్మ కదిలితే చాలు కదా, రేపు సరిచేసుకుంటాను అని. మీరేమో రాయిలా తినేవారు. బాగానే కుదురుతోందేమో అనుకున్నాను. తర్వాత తినడమే మానేశారు. అప్పుడు తెలిసింది, ఇంక నా చేతి వంట అయిపోయిందని. అందుకే అక్కకి చెప్పాను. మీరైనా కడుపునిండా తింటారని.”

నేను పీట మీద కూర్చున్నాను. కడుపు నిండానే తింటున్నాననీ, అదీ ఆ అక్క దగ్గరేననీ చెప్పేశాను. 

“రోజూనా?”

“రోజూనే.”

“బాగా వండుతుందా?”

పదకొండేళ్ళలో ఈ ఇంట్లో నన్ను అభిప్రాయం అడగడం అదే మొదటిసారి. “బాగానే వండుతుంది. నీ అంత కాదు” అన్నాను. ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

మగవాడి బుద్ధి, వెంటనే బాగుచేసే పనికి దిగాను. సంచీలోంచి నా చిన్న కాటా, తూకపు రాళ్ళు తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టాను. కిలో కూరకు ఇన్ని గ్రాముల ఉప్పు, చీటీ రాసి గోడకు అంటిస్తాను, వేసిన వెంటనే గీత పెట్టుకో, ఇక పొరపాటే జరగదు అన్నాను. ఆవిడ ఒక రాయి చేతిలోకి తీసుకుని చూసి, మళ్ళీ పెట్టెలో పెట్టేసింది.

“ఇలా తూచి పోయడానికి నాదేమన్నా మందుల షాపా? నాకు కాటా వద్దండీ. మీ మొహం కావాలి.”

అలా అంటుందనుకోలేదు. ఇంత ప్రేమగా దాచుకుంటూ వచ్చిన ఆ మొహమే ఆవిడకు కావలసిందని నాకు తట్టనేలేదు. పెట్టె మూతవేసి సంచీలో పెట్టుకున్నాను.

ఆ సాయంత్రం చిక్కుడుకాయ కూర ఆవిడే వండింది. నన్ను వంటింట్లోకి రానివ్వలేదు. “చివర్లో చెబుదురుగాని, మధ్యలో తల దూర్చకండి” అంది. ఏడు గంటలకు కంచాలు పెట్టి, వడ్డించి, ఎప్పటిలాగే ఎదురుగా కూర్చుంది. కూర్చుని నా మొహంకేసి చూసింది. మూడు నెలలుగా రోజూ ఇలాగే చూసింది కదా, నేనెప్పుడూ తలెత్తి చూడలేదు.

మొదటి ముద్ద పెట్టుకున్నాను. మొహం అలవాటు కొద్దీ బిగుసుకుంది. పదకొండేళ్ళ సాధన అంత తొందరగా వదలదు.  ఆవిడ ఊపిరి కూడా తీయకుండా చూస్తోంది.

“ఉప్పు ఎక్కువైంది” అన్నాను.

“నిజంగానా?”

“నోట పెట్టలేం.”

మా ఆవిడ మొహం విప్పారిపోయింది. పెళ్ళిచూపుల నాడు కూడా అంతగా నవ్వలేదు. నవ్వుతుంటే కళ్ళల్లోంచి నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోవడం లేదు.

“రెండుసార్లు వేసుంటాను. ఇంకా?”

“చిక్కుడు బాగా మగ్గింది. గింజ మెత్తగా ఉంది, చిదిరిపోలేదు. పోపులో ఎండుమిరపకాయ సరిగ్గా వేగింది, మాడలేదు. వెల్లుల్లి ముందు వాసన వస్తోంది, నమిలాక తియ్యదనం వస్తోంది. కాస్త నిమ్మరసం పిండితే ఉప్పు సర్దుకుంటుంది.”

లేచి వెళ్ళి నిమ్మకాయ కోసి తెచ్చింది. ఇద్దరి కంచాల్లోనూ పిండింది. నేను కలుపుకుని తిని, “ఇప్పుడు ఐదుకి మూడు” అన్నాను.

“మూడున్నర ఇవ్వకూడదూ?”

“కుదరదు. ఉప్పు ఉప్పే.”

“సరే. భోంచేశాక అక్క దగ్గరికి వెళ్ళి, క్యారేజీ వద్దని చెప్పి రండి” అంది.

తను కూడా ముద్ద కలుపుకుంది. దేని రుచీ తెలియని నోట్లో పెట్టుకుని, నా మాటలు వింటూ, నెమ్మదిగా నమిలింది. వెల్లుల్లి గురించి మళ్ళీ చెప్పమంది. చెప్పాను. మిరపకాయ వాసన ఎలా ఉందో చెప్పమంది. అది చెప్పడానికి నాకు మాటలు తడుముకోవలసి వచ్చింది, పన్నెండేళ్ళు పత్రికకు రాసినవాణ్ణి. తోచినంత చెప్పాను.

“ఊఁ, ఇంకా చెప్పండి” అంది, మూడు నెలల తర్వాత మొదటిసారి తన కంచంలో మారు వడ్డించుకుంటూ.